ఉతకని తువ్వాళ్లు

జాంజిబార్ తూర్పు తీరంలో ఒక హోటలు. పొద్దున్న ఎనిమిదిన్నర. గదులు సర్దే ఆడవాళ్లకి పెద్ద అయిన కజీజా దుప్పట్ల గదిలో తువ్వాలు మడిచి హంసని చేస్తోంది. హోటల్లో నీటి పొదుపు చూసే ఉద్యోగిని రాయా, కజీజాకి సొంత అక్క కూతురు, చేతిలో సన్నటి పోగొకటి చూపిస్తూ ఆమె ఎదురుగా నిలబడి ఉంది.

"అది నాచు కాదు, దారం."

"దారమా? ఉప్పు వాసన కొట్టే దారం ఎక్కడ అమ్ముతారు పిన్నీ? నేనూ కొనుక్కుంటాను."

"పొద్దున్నే వేళాకోళం మొదలెట్టావా? పక్కకి జరుగు, హంస మెడ వంకర పోతోంది."

"హంస మెడ సంగతి తర్వాత. ఇది పద్నాలుగో గదిలో దిండు గలేబులో దొరికింది. ఆ గదిలో ఎవరున్నారో తెలుసుగా?"

"ఎవరో ఒక అతిథి."

"ఎవరో ఒకరు కాదు. నీటి పొదుపు తనిఖీకి వచ్చిన దొరసాని. తువ్వాళ్లు భలే ఉన్నాయి, నిమ్మగడ్డి వాసన ఎంత హాయిగా ఉందోనని తెగ మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే ఈ నాచు ముక్క నా చేతిలో పెట్టి, ఇది కూడా మీ అలంకారమేనా అని అడిగింది."

"నువ్వేమన్నావ్?"

"అవునన్నాను. ఇంకేమంటాను?"

"తెలివైనదానివి. అంతా మా అక్క పెంపకం."

"పెంచింది నువ్వు. మాట మార్చకు. నాచు సాగు మానేసి ఆరేళ్లయింది కదా నువ్వు? సముద్రం వేడెక్కింది, నాచంతా కుళ్లిపోయిందని నాచు కట్టే కర్రలు పీకి పొయ్యిలో పెట్టావు. నేను చూశాను."

"ఆరేళ్లు కాదు, ఏడు."

"పోనీ ఏడు. ఏడేళ్లుగా లేని నాచు దిండులోకి ఎలా వచ్చింది?"

"గాలికి."

"గాలికి! మరి మీరు తొమ్మిది మందీ రోజూ మధ్యాహ్నం నాచు బస్తాలు నెత్తిన పెట్టుకుని వెనక గేటులోంచి పోతారట. అవి కూడా గాలికే ఎగిరి వచ్చి మీ నెత్తిన కూర్చుంటున్నాయా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పాలా? అతిథులు ఫోటోలు తీసి అందరికీ చూపించుకుంటున్నారు పిన్నీ! ఒడ్డున నాచు మోసే ఆడవాళ్లట, ఎంత అందమట. ఒక ఫోటోలో బస్తా మూతిలోంచి హంస తల బయటికొచ్చి చూస్తోంది."

"ఏ హంస?"

"తువ్వాలు హంస. నువ్వు చేసిందే. మెడ కొంచెం వంకర."

"విప్పడానికి తీరికేదీ? అసలు ఆ హంసని ఎవరూ ముట్టుకోనే లేదు. అలాగే తీసి కింద పడేశాడు మహానుభావుడు. కింద పడిందంటే ఉతకాల్సిందేగా."

"ఎక్కడ ఉతికారు?"

"ఇక్కడే."

"ఇక్కడ ఉతికితే బస్తాలోకి ఎందుకెక్కింది?"

"ఆరెయ్యడానికి. సముద్రపు గాలికి బాగా ఆరుతాయి."

"పిన్నీ, నిన్న సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్లాను. చాయ్ ఇచ్చింది. నిమ్మగడ్డి వేశావేంటమ్మా అన్నాను. నేను వెయ్యలేదే, బావి నీళ్లకే ఆ వాసన వస్తోంది అంది. నెలన్నర నుంచి ఊరంతా అదే చాయ్ తాగుతున్నారట. కొందరైతే నిమ్మగడ్డి కోసం పెరట్లో వంగే పని తప్పిందని సంబరపడుతున్నారట!"

"మా అక్కకి నోరెక్కువ."

"నిమ్మగడ్డి వాసనేసే సబ్బు ఈ తీరం మొత్తం మీద మన హోటల్లో తప్ప ఇంకెక్కడుంది?"

"తలుపు వేశావా?"

"వేశాను."

"గడియ?"

"అదీ పెట్టాను. చెప్పు."

"ఏం చెప్పమంటావ్? నీకు తెలిసిపోయాక నా నోటితో మళ్లీ చెప్పించుకోవడం దేనికి? పాత నాచు బస్తాల్లో మోసుకెళ్లి మన బావి దగ్గర ఉతుకుతున్నాం. దుప్పట్లూ, తువ్వాళ్లూ, దిండు గలేబులూ. సబ్బు ఇక్కడి స్టోరులోంచే పట్టుకెళ్తున్నాం. చాలా?"

"ఎందుకు పిన్నీ? మిషన్లు ఉన్నాయి కదా!"

"మిషన్లున్నాయి. మిషను పక్కనే మీటరూ ఉంది. గుంపుకో మిషను, గుంపుకో మీటరు పెట్టింది ఎవరు?"

"నేనే."

"మీటరు తక్కువ తిరిగిన గుంపుకి బియ్యం బస్తా, గోడ మీద ఫోటో అన్నది ఎవరు?"

"నేనే. మీలో ఉత్సాహం రావాలని…"

"వచ్చింది తల్లీ. బస్తాల్లో మోసుకెళ్లేంత ఉత్సాహం వచ్చింది."

"నేను అడిగింది తువ్వాళ్లు తక్కువ ఉతకమని! గోడకి కార్డు కూడా పెట్టించాను. మళ్లీ వాడుకుంటే కొక్కేనికి తగిలించండి, ఉతకాలంటే కింద వెయ్యండని."

"ఆహా, కార్డు! ఎవరు చదువుతారే నీ కార్డు? కాళ్లు తుడుచుకోవడానికి ఒకటి, కాళ్లు తుడుచుకున్న చేతులు తుడుచుకోవడానికి ఇంకొకటి. అన్నీ కిందే. అయ్యా, కొంచెం కొక్కేనికి తగిలించండి అని చెప్పమంటావా అని అడిగితే మీరేమన్నారు? అతిథిని పల్లెత్తు మాట అనకూడదు, నవ్వుతూ తీసుకోవాలి. సరే, నవ్వుతూ తీసుకున్నాం. పడేసేది వాళ్లు, మీటరు మా నెత్తిన."

"ఇది నాకు అప్పుడే చెప్పుండాల్సింది."

"చెప్పాను. నువ్వు కాగితం మీద రాసుకున్నావు. రాసుకుని, చాలా మంచి సూచన అన్నావు. ఆ తర్వాత మేనేజరు వచ్చి, మసీకా వానలకి హోటలు సగం ఖాళీ అవుతుంది, మీటరు ఎక్కువ తిరిగిన గుంపు ఇంటికే అన్నాడు. నా గుంపులో తొమ్మిది మంది. ఎనిమిది మంది మొగుళ్లకి పని లేదు. తొమ్మిదోదానికి మొగుడే లేడు, అది నేను. నాచు చచ్చాక మాకు ఈ గదులు తప్ప ఏముంది?"

"మొదట ఎవరికి తట్టింది ఈ ఆలోచన?"

"నాకే. మన బావికి మీటరు లేదు కదా అనిపించింది."

"మీటరు లేకపోతే అవి నీళ్లు కావా?"

"అప్పుడు నాకు అలాగే అనిపించింది, ఏం చెయ్యను? మొదటి నెల నాలుగు తువ్వాళ్లు పట్టుకెళ్లాం. గెలిచాం. ఆ బియ్యంతో పిలావ్ వండుకుని నీక్కూడా పంపాను, గుర్తుందా? లొట్టలేసుకుంటూ తిన్నావు."

"అయ్యో!"

"రెండో నెల నువ్వు గోడ మీద, మీటరు దాటకూడని గీత ఇంకా కిందకి దించావు."

"దించమన్నది మేనేజరు."

"దించింది నీ చెయ్యి. గీత కిందకి దిగినకొద్దీ బస్తాలు పెరిగాయి. మొన్నటి నుంచి పెద్ద దుప్పట్లు కూడా మోస్తున్నాం. తడి దుప్పటి ఎంత బరువుంటుందో నీకేం తెలుసు? నా మెడ చూడు, హంస మెడ కంటే వంకర."

"ఉతికిన నీళ్లు ఎక్కడ పోశారు?"

"బండ మీద."

"పిన్నీ! మన నేలంతా పగడపు రాయి. జల్లెడతో సమానం. పైన పోసింది పోసినట్టే బావిలోకి దిగుతుంది!"

"తెలిసింది. బకెట్టు నురగతో పైకొచ్చిన రోజే తెలిసింది."

"మరి ఆ రోజే మానేయొచ్చు కదా?"

"మానేస్తే మీటరు ఒక్కసారి పైకి లేస్తుంది. ఇన్నాళ్లూ ఏం చేశారే అని అడుగుతారు. మానలేం, మానకుండా ఉండలేం. కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకుంటున్నాం. ఇక్కడ గోడ మీద నా ఫోటో ఒకటి. నీటి తల్లి అని కింద రాసి మరీ పెట్టావు. రోజూ బస్తా ఎత్తుకుని దాని ముందునుంచే పోవాలి. అది నన్ను చూసి నవ్వుతుంది. దాన్ని పీకి పారేయాలనిపిస్తుంది."

"ఊళ్లో ఎవరూ అడగలేదా?"

"ఎవరడుగుతారు? ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి ఈ హోటల్లోనే ఉంది. మీ అమ్మకి తెలుసు. తెలిసీ నిమ్మగడ్డి చాయ్ అంటోంది."

"అమ్మకి తెలుసా?"

"ఉతికేటప్పుడు రెండో కొస పట్టుకుని పిండేది ఎవరనుకున్నావ్?"

"దేవుడా! సరే. సరే పిన్నీ, విను. అయిందేదో అయింది. ఇంకో గంటన్నరలో ఆ దొరసాని ఇక్కడికొస్తుంది. సగం నీళ్లు ఎలా మిగిల్చారని అడుగుతుంది. అందరం కలిసి కష్టపడ్డాం అను. అంతే. బావి మాట ఎత్తకు."

"ఎత్తుతానా? తొమ్మిది పొయ్యిలు ఆరిపోవూ?"

"మంచిది. ఇక నువ్వు దిగులు పడక్కర్లేదు కూడా. బావి గోల ఈరోజుతో తీరిపోతుంది."

"ఎలా తీరిపోతుంది?"

"హోటలు నుంచి ఊరికి పైపు వేశారు కదా, ఈరోజు నీళ్లు వదులుతారు. మీరు మిగిల్చిన నీళ్లన్నీ ఊరికే! మీటరు ఎంత మిగిలిందని చూపిస్తే అంత. నాలుగు నెలలు తిరిగి, కాళ్లా వేళ్లా పడి, హోటలు కంపెనీని నేనే ఒప్పించాను. అమ్మ ఇంక బావికి పోనక్కర్లేదు. అందరి ముందూ చెబుదామని దాచాను."

"నీళ్లు గుమ్మంలోకి వస్తాయా? నిజంగా?"

"గుమ్మంలోకే. దొరసాని కుళాయి తిప్పుతుంది, తర్వాత బావికి మూత వేస్తారు, నీళ్లు పొదుపు చేసినందుకు హోటలుకి పచ్చాకు బోర్డు ఇస్తారు. ఆ బోర్డు వస్తే నా ఉద్యోగం ఖాయం."

"ఆగాగు. బావికి ఏం వేస్తారు?"

"మూత. పాత బావి శుభ్రంగా ఉండదు, పిల్లలు పడతారు, మూసేయాలన్నారు. సిమెంటు మూత నిన్న సాయంత్రం తెచ్చి పెట్టారు. మన ఊరి షేహా సంతకం కూడా పెట్టాడు. పైపు వస్తుందంటే ఏ ఊరి పెద్ద పెట్టడు?"

"ఎప్పుడు వేస్తారు?"

"పదకొండింటికి."

"రాయా, బావి మూసేస్తే రేపు నేను బట్టలెక్కడ ఉతకాలి?"

"ఇక్కడే. మిషన్లో."

"మిషన్లో ఉతికితే మీటరు?"

"పెరుగుతుంది."

"మీటరు పెరిగితే మిగిలే నీళ్లు?"

"తగ్గుతాయి."

"ఎంత తగ్గుతాయి?"

"పిన్నీ…"

"ఎంత?"

"ఏమీ మిగలవు."

"మిగలకపోతే పైపు?"

"ఆపేస్తారు. కాగితంలో అలాగే ఉంది. మిగిలినంతే ఇస్తాం, మిగలకపోతే ఇవ్వం."

"బావికి మూత, పైపులో గాలి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. మన ఊరికి ఆ నుయ్యి కూడా మిగలదన్నమాట."

"నాకేం తెలుసు పిన్నీ? మీరు నిజంగా మిగిల్చారనుకున్నాను. నేను కాగితం రాసింది మీ మీటరు చూసి!"

"నీ తప్పు కాదులే. నా తప్పు. నీళ్లు పాడుచేసింది నేను. కానీ నురగ ఎన్నాళ్లుంటుంది? ఉతకడం ఈరోజు మానేస్తే, మసీకా వానలు రెండు నెలలు కొట్టాక బావి తనంతట తానే కడుక్కుంటుంది. సిమెంటు కడుక్కుపోదు. అందుకని చెప్పేస్తాను."

"ఎవరికి?"

"దొరసానికి. ఉన్నది ఉన్నట్టు."

"నీకు పిచ్చా? ఇందాక తొమ్మిది పొయ్యిలు ఆరిపోతాయన్నది నువ్వే కదా!"

"తొమ్మిది పొయ్యిలు ఆరితే పక్కింట్లో నిప్పు అడుక్కుంటాం. నీళ్లు పోతే ఎవరింట్లో అడుక్కోవాలి?"

"ఒక్క నెల ఆగు. ముందు బోర్డు రానీ. నా ఉద్యోగం ఖాయమైతే నేనే పైవాళ్లతో మాట్లాడతాను. మూత తీయిస్తాను."

"నెల ఆగితే సిమెంటు గట్టిపడుతుంది రాయా. సిమెంటే కాదు, నువ్వూ గట్టిపడతావు."

"అంత మాటన్నావా?"

"అన్నాను. ఏడవకు, కాటుక చెదురుతుంది. వచ్చేది పెద్దమనిషి."

"ఆవిడకి స్వాహిలీ ఒక్క ముక్క రాదు. నువ్వేం చెప్పినా నేనే ఇంగ్లీషులో చెప్పాలి. అది గుర్తుందా?"

"గుర్తుంది. చెప్తావు. నా చేతుల్లో పెరిగినదానివి, నా మాట నువ్వు కాక ఇంకెవరు చెప్తారు?"

పది గంటలు. అదే గది. దొరసాని ఇంగ్లీషులో అడుగుతోంది, కజీజా స్వాహిలీలో జవాబు చెబుతోంది, ఇద్దరి మధ్యా రాయా.

"ఈమేనా నీటి తల్లి! ఫోటోలో కంటే చిన్నగా ఉన్నారు. అడగండి రాయా, ఇంత హోటల్లో సగం నీళ్లు ఎలా మిగల్చగలిగారో."

"నీళ్లు ఎలా మిగిల్చావని అడుగుతోంది పిన్నీ."

"మిగల్చలేదని చెప్పు. బట్టలు బస్తాల్లో మోసుకెళ్లి మా ఊరి బావి దగ్గర ఉతికామని చెప్పు. ఆ సబ్బుకి బావి పాడైందని చెప్పు. బావి మూస్తే ఊరికి నీళ్లుండవని కూడా చెప్పు."

"అందరూ ఒళ్లు దాచుకోకుండా పనిచేశారట మేడమ్. రోజూ తమ ఊరినే తలుచుకుంటూ చేశారట."

"ఊరిని తలుచుకుంటూ! ఎంత మంచి మాట. ఉండండి, రాసుకుంటాను."

"నవ్వుతోందేమే? ఏం రాసుకుంటోంది?"

"నువ్వు చెప్పిందే."

"బావి పాడైందంటే నవ్వే మనిషి ఉంటుందా? ఏం చెప్పావు నువ్వు?"

"పిన్నీ, నీ కాళ్లు పట్టుకుంటాను. ఆవిడ మన మొహాలే చూస్తోంది. కొంచెం నవ్వు."

"ఏమంటున్నారు? కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి పాపం."

"సంతోషం మేడమ్. ఆవిడకి ఇలాంటి గౌరవం ఎప్పుడూ దక్కలేదు."

"రాయా! నాలుగేళ్లొచ్చినా నీకు మాటలు రాకపోతే, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్కొక్క మాటా నోట్లో పెట్టి పలికించాను. ఇవాళ నా మాటే మింగుతున్నావా?"

"మింగకపోతే నువ్వు బతకవు, నేను బతకను. ఊరుకో."

"అయితే నేనే చెప్తాను. మేడమ్! మేడమ్, గుడ్ మార్నింగ్! టవల్… టవల్… నో ప్రాబ్లం…"

"నో ప్రాబ్లం! విన్నారా రాయా? కష్టమే కాదంటున్నారు. ఇలాంటి మనిషిని నేను ఏ హోటల్లోనూ చూడలేదు."

"చూశావా నా ఖర్మ? ఏడేళ్లు పనిచేశాను. హోటలు నాకు నేర్పిన ఇంగ్లీషులో కష్టం చెప్పుకునే మాట ఒక్కటి లేదు."

"రాయా, నాకొక ఆలోచన వచ్చింది. ఆ బావి మూత నేను వెయ్యడం బాగుండదు. ఈమె చేత్తో వేయిద్దాం. ఫోటో కూడా ఎంతో బాగుంటుంది. అడగండి."

"ఏమంటోంది?"

"బావి మూత నీ చేత్తోనే వెయ్యాలంటోంది."

"నా చేత్తోనా?"

"పిన్నీ, ఏదో ఒకటి అను. ఎదురుచూస్తోంది."

"వేస్తానని చెప్పు."

"నిజంగానా?"

"వేస్తాననే చెప్పు. ఈ ఒక్క మాటైనా మార్చకు."

పదకొండు గంటలు. ఊరి బావి దగ్గర. కొత్త కుళాయికి రిబ్బను కట్టి ఉంది, బావి గట్టుకి సిమెంటు మూత ఆనించి ఉంది. ఊరంతా చుట్టూ నిలబడింది.

"పిన్నీ, ఆ తాడు వదిలెయ్. మూత వెయ్యమన్నారు గానీ నీళ్లు తోడమనలేదు."

"ఊళ్లోకి వచ్చిన మనిషికి గుక్కెడు నీళ్లివ్వకుండా బావి మూసేస్తామా? మా అమ్మ చూస్తే చెంప పగలగొట్టేది."

"నీళ్లు ఇక్కడ సీసాలో ఉన్నాయి. నేనిస్తాను. పిన్నీ! వద్దు!"

"చెయ్యి తియ్యి రాయా. హోటల్లో అడుగు పెట్టగానే అతిథికి ముందు ఏమిస్తాం? చెప్పు. నాకు ఇరవైసార్లు నేర్పారు. పళ్లెం ఇంత ఎత్తులో పట్టుకోవాలి. నడుం ఇంత వంచాలి. పళ్లు కనపడేలా నవ్వాలి. ఆ మాట మాత్రం నాకు బాగానే వచ్చు."

"పిన్నీ, నా బతుకు…"

"నీ బతుకు కోసం కూడానే తల్లీ. మేడమ్! వెల్‌కమ్ డ్రింక్!"

"నాకా? ఎంత ఆప్యాయత! ఈ బావిలోంచి ఆఖరి గ్లాసు అన్నమాట."

"తాగకండి మేడమ్! ఈ నీళ్లు మీకు అలవాటుండవు, పడవు…"

"ఒక్క గుక్కే రాయా. తాగకపోతే ఆమె చిన్నబుచ్చుకుంటారు. పైన నురగ ఉందే! కొబ్బరి నీళ్లేమైనా కలిపారా?"

"ఏమంటోంది?"

"కొబ్బరి నీళ్లు కలిపావా అంటోంది."

"వాసన చూడమను."

"నేను చెప్పను."

"చెప్పనక్కర్లేదు. అదిగో, చూస్తోంది."

"రాయా, ఒక్క నిమిషం ఇటు రండి. ఆమెని అడిగి చెప్పండి, ఈ నీళ్లకి నా తువ్వాలు వాసన ఎందుకొస్తోంది?"